కంపెనీ బిళ్ళ

మా వైపు పల్లెలకు కరెంటు లాగుతున్న రోజులవి. గుంటూరు నుంచి సత్తెనపల్లి వెళ్ళే బస్సులో నా పక్కన ఒక మేస్త్రీ కూర్చున్నాడు. స్తంభాలు పాతి తీగలు లాగే పెద్ద కాంట్రాక్టు కంపెనీలో పనట. చేతిలో ఇత్తడి బిళ్ళ పట్టుకుని తువ్వాలు కొసతో తుడుస్తున్నాడు. దాని మీద కంపెనీ పేరు ఉంది.

"ఎవరిదండీ?" అన్నాను.

"నిన్న స్తంభం మీంచి పడ్డవాడిదండి. మనిషి పడగానే ముందు బిళ్ళ పీకెయ్యాలి. ఊపిరుందో లేదో తర్వాత చూసుకోవచ్చు."

"అదేం పద్ధతండీ?"

"చొక్కాకి బిళ్ళ ఉంటే కంపెనీ మనిషండి. లేకపోతే దారినపోయేవాడు. దారినపోయేవాడు స్తంభం ఎందుకెక్కాడో పోలీసులే తేల్చుకుంటారు."

నాకు ఒళ్ళు మండింది. "ఇంతకీ బతికాడా?"

"చూళ్ళేదండి. బిళ్ళ తీసుకుని వచ్చేశాను."

సత్తెనపల్లిలో దిగేసరికి ఒక మనిషి అతని కోసం కాచుకుని ఉన్నాడు. మిరప కోతలు మానేసి కొత్తగా కంపెనీలో చేరుతున్నాడట. మేస్త్రీ బస్సు పక్కనే అతని చొక్కా సర్ది, ఆ బిళ్ళ తగిలించబోయాడు. ఆ మనిషి మురిసిపోతూ తల వంచి చూసుకున్నాడు.

"కదలకురా," అన్నాడు మేస్త్రీ ఎంతో లాలనగా, "పిన్ను గుచ్చుకుంటుంది."