పెట్టె ఆగిపోతుందని చెప్పిన సార్

మా సైన్సు సార్ పోయారు. మంగళవారం పొద్దున నేను తొమ్మిదో తరగతి పిల్లలకు కంప్యూటర్ పాఠం చెబుతుండగా, చిన్నప్పటి స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. కొంతకాలంగా గుండెజబ్బుతో ఉన్నారని తెలుసు. అయినా ఆ మాట వినగానే పాఠం ఆపేశాను. పిల్లల ముందు ఏడవకూడదనుకున్నాను గానీ ఆపుకోలేకపోయాను.

మాది జువ్వలదిన్నె దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. సార్ కోవూరు నుంచి రోజూ బస్సులో మా హైస్కూలుకు వచ్చేవారు. మేం తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాది మాచేత బడి డాబా మీద వాతావరణ కేంద్రం కట్టించారు. పేరు పెద్దదే గానీ చూస్తే నవ్వొచ్చేది. గాలి వేగం కొలవడానికి ఐస్‌క్రీం కప్పులు, ఎండ తగలకుండా తెల్ల ప్లాస్టిక్ పళ్లేల కింద ఉష్ణోగ్రత సెన్సర్, వాననీళ్లు నిండగానే ఒరిగే చిన్న గిన్నె. వాటి తీగలన్నీ ఒక పెట్టెలోకి, అక్కణ్ణుంచి కింద గదిలో ఉన్న కంప్యూటర్‌కి. ఉప్పుగాలికి తీగలు ఊరికే తుప్పు పట్టేవి. సార్ తలకు తువ్వాలు చుట్టుకుని, పాత టూత్‌బ్రష్‌తో వాటిని రుద్దుతూ సముద్రాన్ని తిట్టుకునేవారు.

ఒకసారి నెత్తి మాడిపోయే ఎండలో కంప్యూటర్ వాన పడుతోందని చూపించింది. మేమంతా డాబా మీదకు పరుగెత్తాం. చూస్తే గిన్నె మీద కాకి! పడీపడీ నవ్వుతున్న మమ్మల్ని సార్ కసిరారు.

"నవ్వబాకండి. దానికి వానంటే ఏం తెలుసు? గిన్నె ఒరిగిందా లేదా, అంతే దానికి తెలిసేది. వానో కాకో మనమే పైకొచ్చి చూడాల."

ఇప్పుడు నా పిల్లలకు నేనూ అదే చెబుతున్నాను.

ఆ ఏడే నాన్న పోయాడు. ఎండుచేపల పని ఒక్కతే చేసుకోలేక అమ్మ నన్ను బడి మానిపించింది. వారం తిరక్కుండానే సార్ మమ్మల్ని వెతుక్కుంటూ ఒడ్డుకు వచ్చారు.

"పిల్ల ఇంక రాదు సార్. నా ఒక్కదానివల్ల కావడంలా," అంది అమ్మ.

"అట్టనబాక అక్కా. రోజూ పొద్దున్నే మీ పాప వచ్చి చూసుకోకపోతే ఆ పెట్టె ఆగిపోద్ది. ఇంకెవరికీ ఆ పని చేతకాదు."

అమ్మ ఎండుచేపలు తిరగేస్తూ వింది. మర్నాడు నాకు జడలు వేసి పంపింది.

ఆ పెట్టెకు ఎవరి అవసరమూ లేదని పదో తరగతిలో ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నాక గానీ నాకు తెలియలేదు. కొలతలన్నీ తనంతట తనే తీసుకుని దాచుకునేది. వెళ్లి సార్‌నే అడిగాను.

"నేను రాకపోయినా ఇది నడస్తాది గదా సార్?"

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అది నడస్తాదిలే అమ్మా. నువ్వు ఆగిపోతావనే నా బాధ."

నేను చదువుకున్నాను, నలుగురికి పాఠం చెబుతున్నాను అంటే అదంతా ఆ అబద్ధం పుణ్యమే.

బుధవారం కోవూరు సమాధుల తోటలో సార్‌ను మట్టి చేశారు. పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక, ఇన్నేళ్లూ చెప్పని సంగతి అమ్మ చెవిలో చెప్పాను.

"అమ్మా, ఆ పెట్టె నేను లేకపోయినా నడిచేదే. సార్ నీకు అబద్ధం చెప్పినారు."

"తెలుసు," అంది అమ్మ. "ఆ పొద్దే తెలుసు. అబద్ధం చెప్పడం చాతగాలా ఆయనకి. నా మొగం చూడలేక చేపల్ని చూస్తా చెప్పినాడు. అంత చదువుకున్నాయన నా బిడ్డ కోసం తంటాలు పడతా ఉంటే, కాదని ఎట్టా అనేది?"

అందరితోపాటు అమ్మా గుప్పెడు మట్టి తీసుకుంది. ఒక్కొక్కరే వేసి పక్కకు తప్పుకున్నారు. అమ్మ మాత్రం గుంట అంచున చెయ్యి చాపి, గుప్పిట విప్పలేక అలాగే నిలబడిపోయింది.