పేరు తప్పించుకోవడానికి నేర్చిన డచ్చి

మొగుడి పేరు పలకకుండా ఉండేందుకు డచ్చి భాష నేర్చుకున్న ఆడది ఈ జిల్లా మొత్తంలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఇప్పుడు చెబితే అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. అప్పుడు మాత్రం నాకు తిన్నది ఒంటబట్టలేదు.

అరవైల చివర్లో మాట. మా ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో జీపు డ్రైవరు. కొత్త మిషన్లు బిగించడానికి హాలెండు దేశం నుంచి ఒక ఇంజనీరు భార్యతో వచ్చి ఫ్యాక్టరీ బంగళాలో దిగాడు. ఆ దొరసానికి నొప్పులొచ్చిన రోజు కుండపోత వాన. కల్వర్టు మీద నుంచి నీళ్లు పారుతున్నాయి. మా ఆయన ఆ నీళ్లలోనే జీపు దాటించి ఆమెను నిజామాబాద్ ఆసుపత్రికి చేర్చాడు. మగపిల్లవాడు పుట్టాడు. ఆ మేలు మరచిపోకూడదని వాళ్లు పిల్లవాడికి మా ఆయన పేరే పెట్టుకున్నారు.

క్వార్టర్లలో అందరూ మెచ్చుకున్నారు. మా ఆయన కొన్నాళ్లు నేల మీద నడవలేదు. ఇరుక్కున్నది నేను. ఆ పిల్లవాడిని చూసుకునే పని నాకే ఇచ్చారు మరి.

మా ఇళ్లలో పెళ్లాం మొగుడి పేరు పలకదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అత్త పెళ్లయిన వారంలోనే చెప్పి పెట్టింది. ఆయనది దేవుడి పేరు. భజనలో ఆ నామం వచ్చినప్పుడల్లా పెదవులు కదిపేదాన్ని గానీ గొంతు బయటికి రానిచ్చేదాన్ని కాదు. కొత్త కోడలిగా వచ్చిన రోజు ఆడబిడ్డలు గడపకు అడ్డం నిలబడి, మొగుడి పేరు చెప్తేనే లోపలికి రానిస్తామన్నప్పుడు ఒకే ఒక్కసారి చెప్పాను. అదీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఆ పేరు ఇక్కడ కూడా రాయను, అడగొద్దు.

మూడేళ్లు “బాబూ” అంటూ నెట్టుకొచ్చాను. బంగళా కాంపౌండులో ఇంకో పిల్లవాడు లేడు కాబట్టి సరిపోయింది. అంతలో దొరసాని హైదరాబాద్ జూ చూడటానికి పోదామంది. వంటమనిషి దగ్గర నేర్చుకున్న వచ్చీరాని ఉర్దూలో నాకు గట్టిగా చెప్పింది కూడా. అక్కడ జనం ఎక్కువ, పిల్లవాడు చెయ్యి విడిపించుకుంటే పేరు పెట్టి పిలువు, బాబూ అంటే అక్కడి పిల్లలందరూ తిరిగి చూస్తారు అని.

అంతకు ముందు ఏడాదే చెరుకు బండిని తప్పించబోయి కాలువ గట్టు మీద మా ఆయన జీపు తిరగబడింది. భుజం ఎముక విరిగి, రెండు నెలలు మంచం దిగలేదు. దేవుడు ఒకసారి చూసీ చూడనట్టు వదిలేశాడు, రెండోసారి నా నోటితో నేనే పిలిచి అప్పజెప్పాలా? ఈ సంగతి దొరసానికి చెప్పనూ లేను. మీరు ప్రేమతో పెట్టుకున్న పేరు నా పాలిట గండం అని ఎలా చెప్పడం? అందుకని ఒక ఉపాయం ఆలోచించాను. మీ మాటలు నేర్పమ్మా, అంత జనంలో అవి బాబుకొక్కడికే తెలుస్తాయి, వాటితోనే పిలుస్తాను అన్నాను. ఆమె మురిసిపోయింది.

మధ్యాహ్నాలు వంటింటి అరుగు మీద పాఠాలు. జంతువుల బొమ్మల పుస్తకం ఒకటి ముందు పెట్టుకుని ఆమె చెప్పేది, నేను బొగ్గుతో గోడ మీద తెలుగు అక్షరాల్లో రాసుకునేదాన్ని. కోతి ఆప్, ఏనుగు ఒలిఫాంట్, పాము స్లాంగ్. గొంతు అడుగు నుంచి గీరుకుంటూ వచ్చే ఒక ఖకారం ఉంది వాళ్లకు. నేను ఉర్దూ బడిలో చదివినదాన్ని, అది నాకు ఒక్క దెబ్బకు పలికింది. ఇంట్లో వల్లె వేస్తుంటే మా అత్త, “గిదేం భాషనే, గొంతుల ఎంటిక ఇరికినట్టున్నది” అనేది.

మాటలు సరే, వ్యాకరణం ఏడిపించింది. ప్రతిదాని ముందు దె అన్నా ఉండాలి, హెట్ అన్నా ఉండాలి. ఏనుగుకు దె, గుర్రానికి హెట్. కోతికి దె, కోతిపిల్లకు హెట్. ఎందుకమ్మా అంటే ఆమెకూ తెలియదు. ఒకటి మాత్రం ప్రాణానికి హాయిగా తోచింది. ‘ఏనుగు వస్తే’ అనాలంటే వాళ్లూ మనలాగే వచ్చే సంగతిని చివరికే ఉంచుతారు, అల్స్ దె ఒలిఫాంట్ కోమ్‌ట్ అని. పెద్దవాళ్లకు మీరు, చిన్నవాళ్లకు నువ్వు అనే తేడా కూడా ఉంది. పేరు మా ఆయనది కదా, ఆ మూడేళ్ల వాణ్ణి నువ్వు అనడానికి నాకు నోరు రాలేదు. మీరు, మీరు అనే పిలిచాను. దొరసాని పొట్ట పట్టుకుని నవ్వింది.

నాకు కావలసినవి అసలు మూడే మాటలు. కోమ్ హీర్, ఇటు రా. బ్లైఫ్ స్తాన్, అక్కడే ఆగు. పస్ ఓప్, జాగ్రత్త. రోజూ సాయంత్రం వాకిట్లో పిల్లవాడితో సాధన చేసేదాన్ని. నేను బ్లైఫ్ స్తాన్ అని అరవగానే వాడు కిలకిలా నవ్వి పరుగెత్తేవాడు, నేను వెంటపడి పట్టుకునేదాన్ని. మాట వచ్చేసిందని ధీమాగా ఉన్నాను. వాడికి ఏమి నేర్పుతున్నానో నాకు తట్టలేదు.

జూకు పోయేసరికి ఎండ బాగా ఎక్కింది. పులి నిద్రపోతోంది. నేను జన్మలో మొదటిసారి పులిని చూశాను గానీ దాని మీద నా చూపు నిలవలేదు. నా చేతిలో ఉన్న చిట్టి చెయ్యి చెమటకు జారుతోంది, నా ధ్యాసంతా అక్కడే. దొర, దొరసాని కెమెరాలో రీలు మారుస్తున్నారు. మా ఆయన మట్టి కూజా తీసుకుని నీళ్లకు పోయాడు.

అప్పుడు మావటివాడు ఏనుగును నడిపించుకుంటూ మా ముందు నుంచి పోయాడు. పిల్లవాడు “ఒలిఫాంట్!” అని కేక పెట్టి చెయ్యి లాక్కున్నాడు. దాని తోక పట్టుకోవాలని నేరుగా వెనక కాళ్ల వైపు పరుగు.

“బ్లైఫ్ స్తాన్!” అన్నాను. వాడు వెనక్కి చూసి నవ్వి, ఇంకా జోరుగా ఉరికాడు. రోజూ ఆడే ఆటే అనుకున్నాడు. “కోమ్ హీర్! పస్ ఓప్!” అన్నాను. ఇంకా నవ్వు. నేను ఉరకబోతే చీర కాళ్లకు చుట్టుకుని మోకాళ్ల మీద పడ్డాను. ఏనుగు ఆగింది. వెనక కాలు ఒకటి పైకి లేచింది. ఆ కాలి కిందికి వాడు పోతున్నాడు.

పేరు పెట్టి పిలిచాను. చెంగు అడ్డం లేదు, గుసగుస లేదు. గొంతు చిరిగిపోయేంతగా అరిచాను.

పిల్లవాడు ఠక్కున నిలబడిపోయాడు. నా నోట వాడు ఏనాడూ వినని మాట అది. మావటివాడు వచ్చి వాణ్ణి పక్కకు లాగాడు. నా వెనక ఏదో పగిలింది. తిరిగి చూస్తే మా ఆయన, కాళ్ల దగ్గర కూజా పెంకులు, తడిసిన పాంటు. నా వైపే చూస్తున్నాడు.

దొరసాని నన్ను కౌగిలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, వేరే ఏడుపు.

తిరుగు ప్రయాణంలో జీపు వెనక సీట్లో కూర్చున్నాను. పిల్లవాడు నా ఒళ్లో నిద్రపోయాడు. నేను ఆయన మెడ వెనక భాగాన్నే చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా లారీ వచ్చిన ప్రతిసారీ కళ్లు మూసుకున్నాను. కామారెడ్డి దాటాక పొద్దు గూకింది. నోరు జారింది నాది, కొట్టేదుంటే నన్నే కొట్టు, ఆయనను వదిలెయ్ అని దేవుణ్ణి వేడుకున్నాను. ఆ దేవుడి పేరూ అదే కావడంతో ఆయన్నీ పేరు పెట్టి పిలవలేకపోయాను. బోధన్ ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపించినప్పుడు గానీ ఊపిరి ఆడలేదు.

వాళ్లను బంగళాలో దింపి ఇద్దరం క్వార్టరుకు నడిచాం. బావి దగ్గర ఆయన కాళ్లు కడుక్కుంటుంటే నేను చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఇక తిడతాడు, తిట్టనీ అనుకున్నాను.

“ఆనాడు గడపల నువ్వు చెప్తే నాకు ఇనవడలే,” అన్నాడు తల ఎత్తకుండానే. “మావోళ్లంత ఇన్నరట, నేనే ఇనలే. ఇయ్యాల ఇన్న.”

చెంబులో మిగిలిన నీళ్లు ఆయన కాళ్ల మీద పోశాను.

“మల్లొక్కపారి అను,” అన్నాడు.

“అద్దు. నాకు బయమైతది,” అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

ఆయన చిన్నబోయినట్టు తువ్వాల భుజాన వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి పోయి అన్నం వడ్డించాను. పిలవాలి. ‘ఇగో, ఇనవడ్తుందా’ అని రోజూ పిలిచినట్టు పిలవడానికి ఆ పూట మనసు ఒప్పలేదు. పేరు పలకడానికి ధైర్యం చాలలేదు.

“కోమ్ హీర్,” అన్నాను.

లేచి వచ్చాడు.

మరుసటి ఏడాది ఆ కుటుంబం వాళ్ల దేశానికి వెళ్లిపోయింది. గోడకు సున్నం వేసినప్పుడు బొగ్గు రాతలూ పోయాయి, దె ఎక్కడో హెట్ ఎక్కడో అన్నీ మరిచిపోయాను. ఆ రెండు మాటలు మాత్రం మా ఇంట్లో రోజూ రెండు పూటలా వినిపించేవి. దానికి అర్థమేమిటే అని మా అత్త అడిగింది. అన్నం పెట్టిన అని అర్థం అత్తమ్మా అని చెప్పాను.