కలలో ఎక్కడ కాలు పెడితే అక్కడ నీళ్ళు

పట్టుపురుగులు నాలుగో జ్వరం నుంచి లేచాక ఇంట్లో మనుషులకు సరైన నిద్ర ఉండదు. జ్వరమంటే జబ్బు కాదు. పురుగు మేత మానేసి, తల పైకెత్తి, పొర మార్చుకునే ముందు కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మా చింతామణి తాలూకాలో జ్వరం అంటాం. అందులోంచి లేచిన పురుగు ఆకలి ఇంతా అంతా కాదు. కోడి కూయకముందే లేచి మల్బరీ ఆకు వేయాలి. వేసి వచ్చి, తెల్లారేలోగా నేను మళ్ళీ కాసేపు నడుం వాలుస్తాను. నాకు కలలన్నీ ఆ కాసేపట్లోనే వస్తాయి.

రాత్రి వచ్చే కలలు నాకు గుర్తుండవు. ఈ కలలు వేరు. గోడ మీద సున్నం పెచ్చు ఊడిన చోటు కూడా కనిపిస్తుంది. పొయ్యి మీద పాలు పొంగితే వాసన వస్తుంది. అన్నిటికంటే వింత ఏమంటే, ఇది కల అని నాకు కలలోనే తెలిసిపోతుంది. ఆకు కోసి కోసి నా వేళ్ళ కొసలు ఎప్పుడూ నల్లగా ఉంటాయి. ఎంత తోమినా పోవు. కలలో చేతులు చూసుకుంటే కొత్త పెళ్ళికూతురి చేతుల్లా ఉంటాయి. ఓహో, నిద్రపోతున్నాను అనుకుంటాను. అలా అనుకున్నాక ఇక భయం లేదు. గోడ దూకాలనిపిస్తే దూకుతాను. గుడిబండె కొండెక్కి ఒక్క అడుగులో కిందికి దిగుతాను. పోయిన మా అత్తను పిలిస్తే వచ్చి రాగులు విసురుతూ కూర్చుంటుంది. బతికున్నప్పుడు నేను పిలిస్తే ఒక్కసారీ వెంటనే రాలేదు.

పొద్దున కాఫీ తాగేటప్పుడు ఇవన్నీ చెప్పడం నాకు అలవాటు. కోడలు పడీ పడీ నవ్వేది.

"అత్తా, మొబైల్లో సీరియల్ కంటే నీ కలే బాగుండాది. రేపు మిగతాది చూసి చెప్పు."

మా ఆయన మాత్రం నవ్వడు. తెల్లవారుజామున వచ్చిన కల జరిగి తీరుతుందని ఆయన నమ్మకం. ఒకసారి ఆవు ఎర్ర పెయ్యను ఈనినట్టు నాకు కల వచ్చింది, అలాగే ఈనింది. ఆవు ఎదకొచ్చినప్పుడు డాక్టరు వేసిన సూది ఎర్ర జాతిదే కదా, పెయ్య నల్లగా ఎందుకు పుడుతుంది అని నేనన్నా ఆయన చెవికి ఎక్కలేదు.

ఆ నమ్మకంతో ఇబ్బంది ఏమిటో మా బోరు ఎండిపోయినప్పుడు తెలిసింది. మల్బరీ తోట పసుపు తిరుగుతోంది. ఇంట్లో పురుగులు తట్టల నిండా ఉన్నాయి. గూళూరు వైపు నుంచి ఆకు కొని టెంపోలో తెస్తూ ఎలాగో ఆ పంట గట్టెక్కిస్తున్నాం. ఇంకొక్క బోరు వేద్దాం, అందులో నీళ్ళు పడకపోతే తోట పెరికేసి పురుగుల ఇంటికి తాళం వేద్దాం అని మా ఆయన తేల్చేశాడు. నేను ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి చేస్తున్న పని అది.

బోరు ఎక్కడ వేయాలో పాయింటు చూడడానికి బాగేపల్లి నుంచి టెంకాయాయన వచ్చాడు. అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని తోటంతా నడిచాడు. తూర్పు గట్టు దగ్గర టెంకాయ నిటారుగా లేచి నిలబడింది. మా ఆయనకు అది చాలలేదు. చిక్కబళ్ళాపురం నుంచి మిషనాయన్ని పిలిపించాడు. అతను మేకులు కొట్టి, వైర్లు లాగి, పడమటి మూల బండ పక్కన అన్నాడు. టెంకాయాయన పేరు ఎత్తితే ఇతను నవ్వాడు, మిషను పేరు ఎత్తితే ఆయన ఉమ్మేశాడు. మధ్యలో మా ఆయనకు నిద్ర కరువైంది.

ఒక సాయంత్రం ఆకు తరుగుతుంటే నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"రేపు కలలో తోటలోకి పోయిరా. రెండు పాయింట్లూ చూడు. నీళ్ళు యాడ పడతాయో చూసి చెప్పు."

"కలేమన్నా బస్సా, టికెట్ తీసుకొని పొయ్యేదానికి?"

"నీకు కలని తెలుస్తాది కదా. తెలిసినోళ్ళకు పొయ్యేదానికి ఏం కష్టం?"

మరుసటి రోజు నన్ను లేపకుండా తానే వెళ్ళి ఆకు వేశాడు. లేచి పడుకుంటేనే నాకు కల వస్తుంది, లేవకపోతే ఏం వస్తుంది? ఏమీ రాలేదు. ఆ తర్వాతి రోజు నన్ను లేపి, ఆకు వేయించి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చాప మీద పడుకోబెట్టాడు. కోడిపుంజు బుట్ట మీద గోనెసంచి కప్పాడు. కోడలిని గిన్నెలు ముట్టుకోవద్దన్నాడు. ఇల్లంతా శ్మశానంలా ఉంటే ఎవరికి నిద్ర పడుతుంది? గడప అవతల ఆయన దగ్గు ఆపుకుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"పండుకున్నావా?" అని గుసగుసగా అడిగాడు.

"పండుకొనుంటే ఎట్ల పలుకుతా?"

"సరే సరే, గమ్మునుండు. పండుకో."

అలా ఎన్ని తెల్లవారుజాములు పోయాయో. కళ్ళు మండేవి. అటు దొర్లి, ఇటు దొర్లి, తూర్పా పడమరా అనుకుంటూనే తెల్లారిపోయేది. కాఫీ దగ్గర కోడలు నా ముఖం చూసి, ఇంకేం అడగకుండా గ్లాసు చేతికిచ్చేది.

చివరికి ఒకరోజు, ఎప్పుడు పట్టిందో తెలియకుండానే నిద్ర పట్టింది. తోటలో నిలబడి ఉన్నాను. చేతులు చూసుకున్నాను, తెల్లగా ఉన్నాయి. తూర్పు గట్టు దగ్గర కాలు పెట్టాను. పాదాల కింద నేల మెత్తబడి, చల్లగా నీళ్ళు ఊరాయి. చీలమండలు మునిగాయి. నాకు ఏడుపు వచ్చేంత సంతోషం. ఇది కలే కదా, పడమటి మూల కూడా చూద్దామని వెళ్ళాను. అక్కడ కాలు పెట్టినా నీళ్ళే. బండ ఎక్కి బొటనవేలితో గీరాను. బండలోంచీ నీళ్ళు వచ్చాయి. తారు రోడ్డు మీదికి పరిగెత్తి అక్కడ కాలు పెట్టాను, అక్కడా వచ్చాయి.

సాళ్ళ మధ్య మా అత్త రాగులు విసురుతోంది.

"అత్తా, వీటిలో నిజం నీళ్ళు యావి?"

ఆమె విసరడం ఆపలేదు. "నేనెట్ల చెప్పేదే? నువ్వు చెప్పమన్నదే కదా నేను చెప్తాండేది."

మెలకువ వచ్చేసింది. మా ఆయన గడపలో నిలబడి ఉన్నాడు. నా ముఖం చూడగానే కల వచ్చిందని కనిపెట్టాడు. తూర్పు అన్నా నమ్ముతాడు, పడమర అన్నా నమ్ముతాడు. నా నోట్లోంచి వచ్చే ఒక్క మాట మీద అంత లోతు తవ్విస్తాడు. నీళ్ళు పడకపోతే ఆ ఎండిన గుంత నా మాట ఎత్తుకుని మా ఇద్దరి మధ్య ఎన్నేళ్ళు కూర్చుంటుందో. చూసిందంతా ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"అంతా సరే. మొదట యాడ వచ్చె?" అన్నాడు.

"నేను మొదట యాడ కాలు పెడితే ఆడ."

"అదేలే, మొదట యాడ పెడితివి?"

"ఏమప్పా, బండ మీద కూడా నీళ్ళొచ్చె. తారు రోడ్డు మీద కూడా వచ్చె. రోడ్డులో బోరేపిస్తావా? నాకు తెలిసిందే ఆ కలకూ తెలుసు. నాకు తెలీనిది దానికీ తెలీదు."

లోపలి నుంచి కోడలు, "మామా, రోడ్డు పాయింటే మేలు, లారీ లోపలికి రానక్కరలేదు" అంది. ఆయన దానికీ నవ్వలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కోడిపుంజు మీద గోనెసంచి మాత్రం తీసేశాడు.

చివరికి బోరు లారీ సాళ్ళు తొక్కకుండా రాగలిగింది పడమటి మూలకే, అందుకని అక్కడే వేయించాడు. మధ్యాహ్నం దాకా తెల్లటి దుమ్మే లేచింది. మా ముఖాలన్నీ పిండి పూసినట్టయ్యాయి. వెయ్యి అడుగులు దాటాక దుమ్ము తడిసి బురదయింది. ఆపైన వేలు లావు ధార పడింది. అంతకంటే పెరగలేదు.

లారీ వాళ్ళు పైపులు సర్దుకుంటుంటే మా ఆయన వచ్చి నా పక్కన గట్టు మీద కూలబడ్డాడు.

"తూర్పున వేసింటే?"

"నాకు తెలీదు."

"నాకూ తెలీదు." కాసేపు ఆ ధారనే చూశాడు. "నువ్వు ఒక మాట చెప్పింటే ఇప్పుడు నిన్ను తిట్టుకుంటా కూర్చొనుంటా. తిట్టేదానికి కూడా ఎవురూ లేకుండా చేస్తివి."

నేను చెంగుతో ముఖం మీది దుమ్ము తుడుచుకున్నాను.

"సగం తోటకు చాలుతాది," అన్నాడు. "మిగతా సగం పెరకాల్సిందే. ఏ సగం పెరుకుదాం?"

అది నాకు తెలుసు. రోజూ కోస్తాను, ఏ సాలులో ఆకు మందమో, ఏ సాలు ఎప్పుడో అలసిపోయిందో నాకు తెలియక ఎవరికి తెలుస్తుంది? లేచి చీర కుచ్చిళ్ళు దోపుకుని పై సాళ్ళలోకి నడిచాను. ఆయన కొడవలి పట్టుకుని నా వెనకాలే వచ్చాడు.