సంఘసేవ అర

ఊరుకాని ఊరొచ్చి, కొట్టు పెట్టి, నిలదొక్కుకుని, చివరికి మనవాళ్ల సంఘానికి అధ్యక్షుడు కూడా అయిన పెద్దాయనకు రెండు గొంతులున్నాయి. కారులో వచ్చినవాళ్లకు తేనె గొంతు. నడిచొచ్చినవాళ్లకు వట్టి దగ్గు. గడువు తీరిన సరుకును ఆయన చస్తే పారెయ్యడు. వెనకగదిలో దానికో అర ఉంది, ఆ అరకు సంఘసేవ అని పేరు. సంఘం నుంచి పిలుపు రాగానే కోడలు గోళ్లరంగు తుడిచే మందుతో ప్యాకెట్ల మీది తేదీలు చెరుపుతూ కూర్చుంటుంది. ఆ వాసనకు అన్నం సహించడం లేదని ఆమె గొణిగితే, "పుణ్యం ఊరికే వస్తుందా అమ్మా," అంటాడు.

మొన్న ఆదివారం, కొత్తగా వలసొచ్చిన కుటుంబాలకు సంఘం హాల్లో బిస్కెట్లు పంచాడు. ఫొటో పడేదాకా ఏ ప్యాకెట్టునూ చేతిలోంచి వదల్లేదు. "నేనూ మీలాగే ఉత్త చేతులతో వచ్చినవాణ్ణే," అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ చప్పట్ల సందట్లో ఆయన మనవరాలు ఓ ప్యాకెట్టు చింపి బిస్కెట్టు నోట్లో పెట్టుకుంది. పెద్దాయన వేదిక మీంచి ఒక్క ఉరుకు ఉరికి, పిల్ల దవడలు నొక్కి, ఉన్నదంతా తన జేబురుమాల్లోకి ఉమ్మించాడు. ముందు వరసలో ఒక తల్లి, తన బిడ్డ నోటికి అందించబోతున్న బిస్కెట్టును అలాగే పట్టుకుని ఆయన్నే చూస్తోంది.

"మీరు పెట్టండమ్మా," అన్నాడు తేనె గొంతుతో. "మీకోసం తెచ్చినవే."