ఇంకా కుట్టని నవల

మా పక్క పోర్షన్ తాత మొన్న బుధవారం పొద్దున పోయారు. నాంపల్లిలో నేను కిరాయికి ఉంటున్న ఇంట్లో మా ఇద్దరికీ మధ్య ఒక్క గోడే. అయినా కబురు నాకు ఆఫీసులో ఉండగా ఫోన్‌లోనే తెలిసింది. "బాపు నిద్రల్నే పోయిండు చెల్లె" అంది ఆయన కూతురు.

తాత ఉద్యోగమంతా ఒక ప్రెస్సులో పుస్తకాల బైండింగ్. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే వేళకు ఇద్దరం వెళ్లేవాళ్లం. నేను పేరు చూసేదాన్ని, ఆయన కుట్టు చూసేవారు. ఇంటికి తెచ్చిన నవలను, కుట్టు ఉండే వీపు దగ్గర కత్తి పెట్టి సరిగ్గా రెండు సగాలు చేసేవారు. మొదటిసారి చూసినప్పుడు నాకు మనసు చివుక్కుమంది.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, మళ్ల కుడత గద" అన్నారు.

మొదటి సగం ఆయన చదివి నాకిచ్చేవారు. నేనూ చదివాక చాయ్ తాగుతూ దాని గురించి మాట్లాడుకోవాలి. ఆ తర్వాతే రెండో సగం ముట్టుకోవడం. ఇద్దరిదీ అయ్యాక రెండూ కలిపి కుట్టేవారు. "సగంలనే మాట్లాడాలె. ఆఖరు తెలిసినంక అందరు తెలివిగల్లోల్లే" అనేవారు. ఈ ఊళ్లో నాకు ఆయన తప్ప అలా మాట్లాడేవాళ్లు లేరు. ఈ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

చివరి నవల ఆయనే ఏరారు. రిటైరైన గుమస్తా ఒకడు గదిలో కూర్చుని, అన్న రాసిన ఉత్తరం విప్పాలా వద్దా అని ఆలోచిస్తుంటాడు. సగం పుస్తకం అయినా విప్పడు. వాక్యాలు బాగున్నాయి. వాళ్లమ్మ బియ్యం ఏరుతూ అలిగే తీరు దగ్గర రెండుసార్లు ఆగిపోయాను. కానీ ఆ గుమస్తాను చూస్తే ఒళ్లు మండింది. లేచి చింపి చదవవయ్యా అనిపించింది. మిగతా మనుషులంతా అతని తలలో నీడలే.

ఇది తాతకు చెప్పలేకపోయాను. వేరే నవలలను నేను చీల్చి చెండాడితే పడీ పడీ నవ్వేవారు. ఈసారి మాత్రం మొదటి సగం చేతికిస్తూ "గీయన అచ్చం నా లెక్కనే ఉన్నడు బిడ్డా" అన్నారు. చదవడం అయిపోయినా, మెట్ల మీద ఎదురైనప్పుడల్లా "ఇంకా నలభై పేజీలున్నయ్ తాతా" అని తప్పించుకున్నాను. గుమస్తాను తిట్టుకుంటూ నేను చేసిందీ అదే. మూడు ఆదివారాలు గడిచాయి.

"నిమ్మలంగ చదువు. నువ్వు చెప్పేదాంక నేను గూడ ముంగటికి పోను" అన్నారు, పోయినవారం కూడా.

నిన్న సాయంత్రం ఆయన కూతురు వచ్చి రెండో సగం నా చేతిలో పెట్టింది. "మంచం కాడ ఉండె. నీతోని మాట్లాడినంక చదువుత అంటుండె" అంది.

చదివిన ప్రతి పేజీ అడుగున పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టడం తాతకు అలవాటు. చివరిదాకా తిప్పాను. ఒక్క చుక్కా లేదు. తలుపు వేసుకుని గోడవైపు తిరిగి, "మొదటి సగం ఎప్పుడో అయిపోయింది తాతా. నాకు అంతగ నచ్చలే" అని పైకే అన్నాను. చేతిలోని సగాన్ని మూయబోయాను.

వెనక అట్ట లోపల, దారం ఎక్కించిన సూది గుచ్చి ఉంది.