వదిన ‘బాగుంది’ అన్న రోజులు

పోయిన వారం ఒక అపరాధ పరిశోధన నవల పూర్తిచేశాను. ఈ మధ్య మెట్రోలో ఎవరి చేతిలో చూసినా అదే ఉంటోంది కదా అని దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్నాను. ఎల్‌బీ నగర్‌లో దిగేలోపు మొదటి శవం దొరికింది, ఆటో ఎక్కి ఇంటికి చేరేలోపు రెండోది. రచయిత పనిమంతుడే. కాకపోతే వానలు మరీ ఎక్కువ కురిపిస్తాడు. ఎవరికి భయం వేయాల్సి వచ్చినా బయట ఒక ఉరుము ఉరమాల్సిందే. అయిపోయాక జనం ఏమనుకుంటున్నారో చూద్దామని ఫోన్లో అభిప్రాయాలు చదివాను. ఎక్కువమంది ఒకటే తప్పు పట్టారు. ఇంట్లో ఒక మనిషికి నెలల తరబడి కొద్దికొద్దిగా విషం పెడుతుంటే, అదే ఇంట్లో తింటూ తిరుగుతూ ఉన్నవాళ్ళు ఎవరూ గమనించలేదంటే ఎలా నమ్ముతామని. కళ్ళెదురుగా మనిషి మారిపోతుంటే కనిపించదా అని ఒకాయన కోపంగా రాశాడు. నాకు ఆ నవల మొత్తంలో నమ్మబుద్ధి అయింది ఆ ఒక్కటే. మూడేళ్ళ కిందట మా వదిన నా కళ్ళెదురుగానే మారిపోయింది. నేను ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూనే ఉన్నాను.

వదిన అంటే మా అన్నయ్య భార్య. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి అన్నయ్య పోయి ఎనిమిదేళ్ళు. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, రెండో అంతస్తులో కొడుకుతో ఉండేది. నేనుండేది వనస్థలిపురంలో. ఆదివారం పదకొండింటికల్లా ఒకళ్ళ ఇంటికి ఒకళ్ళం వెళ్ళడం, ఆ వారం చదివిన పుస్తకాలు మార్చుకోవడం, కాఫీ తాగుతూ వాటిని రాసినవాళ్ళని ఉతికి ఆరేయడం మా అలవాటు. ఉతికే పని ఎక్కువగా ఆమెదే. హత్య జరిగిన గదికి కిటికీ ఎటువైపుందో కాగితం మీద గీసుకునేది. హంతకుడు ఆ టైముకి స్టేషనుకు నడిచి వెళ్ళగలడో లేదో లెక్క కట్టేది. పుస్తకం సగానికి రాకముందే హంతకుడి పేరు చీటీ మీద రాసి పంచదార డబ్బా కింద పెట్టేది, అంతా అయ్యాక నా చేత తీయించేది. తప్పు అయినప్పుడు కూడా ఓడిపోయినట్టు ఒప్పుకునేది కాదు. రచయితకి స్టెప్పులు రాలేదు, ఆన్సరు మాత్రం ఎక్కడో చూసి వేశాడు అనేది.

ఈ అభిప్రాయాలన్నీ ఒక పొడుగు నోటుబుక్కులో రాసిపెట్టుకునేది. తేదీ, పుస్తకం, రెండు మూడు వాక్యాలు, చివర పదికి మార్కులు. ఏడు మార్కులు దాటిన పుస్తకం నాకు తెలిసి లేదు. ఒక హత్యల నవల గురించి, ‘ఇన్‌స్పెక్టరు కాఫీ తాగడం తప్ప చేసిందేమీ లేదు. నాలుగు మార్కులూ కాఫీకే’ అని రాసింది. ఆ ఏడు అందరూ ఎగబడి చదివిన ఒక ప్రేమకథ గురించి, ‘వీళ్ళిద్దరూ మొదటి అధ్యాయంలోనే మాట్లాడుకుని ఉంటే నాకు రెండు రోజులు మిగిలేవి’ అని. తెల్లవారుజామున లేస్తే గొప్పవాళ్ళవుతారని చెప్పే పుస్తకం కొడుకు తెచ్చిస్తే, ‘నలభై ఏళ్ళు నాలుగింటికే లేచాను. ఇడ్లీలయ్యాయి’ అని రాసి రెండు మార్కులిచ్చింది. వాడు వారం రోజులు ఆ పుస్తకం ఎవరికీ కనబడకుండా దాచుకున్నాడు.

ఆ ఏడు వానాకాలం మధ్యలో ఒక ఆదివారం నేను ఇచ్చిన నవల తిరిగిస్తూ, ఎలా ఉంది వదినా అంటే, బాగుంది అంది. అంతే. నాకు కాస్త వింతగా అనిపించి, తలనొప్పా అని అడిగాను. అవును, ఈ మధ్య వస్తోంది, కళ్ళద్దాలు మార్చాలి అంది. తరవాతి వారం ఇంకో పుస్తకం, అదీ బాగుంది. ఆపై వారం ఒక డిటెక్టివ్ నవల నా చేతిలో పెట్టి, అంతా బాగానే రాశాడు గానీ హంతకుడెవరో చెప్పలేదమ్మాయ్ అంది. నేను పగలబడి నవ్వాను. చివరి అధ్యాయం ఇరవై పేజీలూ హంతకుడి ఒప్పుకోలే కదా, వెక్కిరిస్తోందనుకున్నాను. ఆమె కూడా నవ్వింది. నేను నవ్వుతున్నాను కాబట్టి నవ్విందని ఇప్పుడు తెలుస్తోంది.

కొడుక్కి వేరే సంగతులు తెలుస్తూ వచ్చాయి. పాలు పొయ్యి మీద పెట్టి మర్చిపోవడం, మధ్యాహ్నం మూడింటిదాకా పడుకోవడం, తాళంచెవి ఫ్రిజ్‌లో దొరకడం. వాడు పక్క సందులో డాక్టరుకి చూపించాడు. వయసుతో వచ్చే మతిమరుపు అని ఆయన బిళ్ళలు రాసి ఆరు నెలలకి రమ్మన్నాడట. నాకు ఫోన్ చేసి చెప్పినప్పుడు వాడి గొంతులో దిగులుతో పాటు ఒక రకమైన సర్దుబాటు కూడా వినబడింది. డెబ్భై రెండేళ్ళు కదా అత్తయ్యా, మనం అలవాటు పడాలి అన్నాడు. నేను కూడా ఊఁ అన్నాను.

ఆ తరవాతి ఆదివారం ఆమె మా ఇంటికి రావాల్సిన వంతు. వాడు మెట్రో ఎక్కించి, నాకు చెప్పి, వెళ్ళిపోయాడు. ఎక్కినచోటి నుంచి మూడో స్టేషనే, ఆమె వందసార్లు తిరిగిన దారి. నేను ఎల్‌బీ నగర్‌లో మెట్లకింద నిలబడ్డాను. ఒక రైలు, రెండు, అయిదు వచ్చాయి. ఆమెకి ఫోన్ చేస్తే వాడు ఎత్తాడు, ఫోన్ ఇంట్లోనే మర్చిపోయిందట. పైకి వెళ్ళి స్టేషన్లో చెప్పాను, మైకులో రెండుసార్లు పిలిచారు. నేను నిలబడ్డ మెట్లు కాకుండా రోడ్డుకి అవతలి మెట్లు దిగి ఉండొచ్చని అక్కడి సెక్యూరిటీ అమ్మాయి అంది. అవతలికి వెళ్ళాను. అటువైపంతా విజయవాడ వెళ్ళే బస్సులు, పేర్లు అరిచేవాళ్ళు, సామాన్లు, ఆటోలు. లేత పసుపు చీర, గోధుమరంగు సంచి అని కనబడ్డవాళ్ళకల్లా చెబుతూ బస్సు బస్సూ ఎక్కి దిగుతున్నాను. మేనల్లుడు బండి మీద వచ్చి కలిశాడు. ఇంతలో ఒక బస్సు కదలబోతుంటే కిటికీలో ఆ పసుపు రంగు కనబడింది. చేతులు అడ్డం పెట్టి ఆపాను.

సంచి ఒళ్ళో పెట్టుకుని, ఒద్దికగా, ప్రయాణానికి సిద్ధమైన మనిషిలా కూర్చునుంది. నేను ఆయాసపడుతూ పక్కన నిలబడితే నా వంక చూసి, చాలా మామూలుగా అంది.

“మీ అన్నయ్య టీకి దిగారమ్మాయ్. వచ్చేస్తారు, కూర్చో.”

వెనక నిలబడ్డ మేనల్లుడు మొహం అటు తిప్పుకున్నాడు. అన్నయ్య కింద ఉన్నాడు, వెళ్దాం పదమని అబద్ధం చెప్పి లేవదీశాను. దిగుతుంటే ఆమె ఎడమకాలి చెప్పు బస్సు మెట్టు మీద ఉండిపోయింది. ఆమెకి తెలియలేదు. ఆ కాలు కొంచెం ఈడుస్తోంది. ఎప్పట్నుంచి ఈడుస్తోందో నాకు తెలియదు, వాడికీ తెలియదు.

ఆ రోజు నేను వాళ్ళింట్లోనే ఉండిపోయాను. మేనల్లుడు ఆ డాక్టరుకి ఫోన్ చేస్తే, బుధవారం తీసుకురమ్మన్నారట. వదిన అన్నం సగం తిని పడుకుంది. నేను ఆమె మంచం పక్కన కూర్చుని, ఏం చేయాలో తోచక, బల్ల మీద ఉన్న నోటుబుక్కు తీశాను. అంతవరకూ ఆమె చదివి వినిపిస్తే వినడమే గానీ నా చేత్తో తెరిచింది లేదు. మొదటి పేజీ నుంచి చదువుకుంటూ వచ్చాను. ఇడ్లీల దగ్గర నవ్వొచ్చింది, ఆపుకున్నాను. జూన్ దాకా, జూలై మొదటి వారం దాకా అదే వదిన, అదే చురుకు, గీత మీద నడిచే అక్షరాలు. జూలై రెండో వారం నుంచి వాక్యాలు పొట్టివయ్యాయి. తరవాత ‘బాగుంది’. కిందే ‘బాగుంది. పెద్ద పుస్తకం’. అక్షరాలు గీత వదిలి కిందికి జారుతున్నాయి. ఒకే నవల పేరు నాలుగు రోజుల తేడాలో రెండుసార్లు ఉంది. చివరి రాతకి మార్కులు పదిహేను. పదికి పదిహేను. ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మనిషి.

ముసలితనం అయితే మెల్లగా రావాలి. ఇది ఒక వారంలో మొదలైంది. ఆ పేజీ దగ్గర ఏదో జరిగింది.

తెల్లారగానే ఎదురింటి తలుపు తట్టాను. ఆ ఇంటామెది సూర్యాపేట దగ్గర ఊరు, వదిన దగ్గర రోజూ కాసేపు కూర్చునేది. జూలైలో వదినకి ఏమైనా అయిందా అని అడిగితే, ఏం కాలేదమ్మా అంటూనే చీర కొంగు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. నేను నిన్నటి బస్సు సంగతి చెప్పాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“టీచరమ్మ నా తోని ఒట్టు పెట్టిచ్చుకున్నదమ్మా. అటక మీదికెల్లి పుస్తకాల డబ్బా తీస్తుంటే స్టూలు జారి పడ్డది. తల గోడకు కొట్టుకున్నది. నెత్తురు రాలే, బొప్పి కట్టింది, ఐసు పెట్టిన. కొడుకు పరేషాన్ అయితడు, ఎవ్వరికీ చెప్పకన్నది.”

బుధవారం దాకా ఆగలేదు. తొమ్మిదింటికల్లా పెద్దాసుపత్రిలో ఉన్నాం. అక్కడి డాక్టరు చిన్న వయసు అమ్మాయి, మా ముందు చాలామంది ఉన్నారు, ఆమెకి తీరిక లేదు. ఈ మతిమరుపు ఎప్పట్నుంచి అని అడిగింది. మేనల్లుడు ఏడాదిగా కొంచెం కొంచెంగా ఉందండీ అన్నాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు. అలవాటు పడదామనుకున్న మనిషికి వెనక్కి చూస్తే అన్నీ అలాగే కనబడతాయి. ఆమె రాసుకోబోతుంటే నేను అడ్డం వెళ్ళాను.

“ఏడాది కాదు డాక్టరుగారూ, ఏడు వారాలు” అని నోటుబుక్కు ఆమె ముందు పెట్టాను. “రెండు నిమిషాలు పడుతుంది, చదవండి.”

మేనల్లుడు ఇబ్బందిగా అత్తయ్యా అన్నాడు. ఆ అమ్మాయి చదివింది. ఒకచోట పెదవి బిగించింది, నవ్వాపుకుందని అర్థమైంది. తరవాత పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. పడ్డారా అని అడిగింది. నేను చెప్పాను. ఆమె లేచి వదిన రెండు చేతులూ ముందుకు చాపించింది. కుడి చెయ్యి నిలబడింది, ఎడమది మెల్లగా కిందికి దిగింది. ఆ తరవాత ఎవరూ మమ్మల్ని వరసలో నిలబడమనలేదు.

స్కానింగులో కనబడింది. పడ్డప్పుడు లోపల చిన్న నాళం ఏదో తెగి, పుర్రెకీ మెదడుకీ మధ్య నెత్తురు కొద్దికొద్దిగా చేరుతూ, మెదడుని ఒకవైపుకి నెట్టేస్తోందట. ఆ మధ్యాహ్నమే తలకి రంధ్రం చేసి తీశారు. ఇంకో వారం ఆగితే ఏమయ్యేదని మేనల్లుడు అడిగితే, డాక్టరు వాడి భుజం మీద చెయ్యి వేసింది.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ వాడూ నేనూ ప్లాస్టిక్ కుర్చీల్లో పక్కపక్కనే కూర్చున్నాం. వాడు నేల వంక చూస్తూ అన్నాడు.

“అమ్మ బాగుంది, బాగుంది అంటుంటే నాకు సంతోషం వేసింది అత్తయ్యా. ఇన్నాళ్ళకి దేన్నీ తిట్టకుండా ఉందనుకున్నా.”

నాకూ అలాగే అనిపించిందిరా అన్నాను. అది నిజం. ఆమె నాలుక పదును తగ్గితే నేను తెచ్చిన పుస్తకాలకి మంచి రోజులొచ్చాయనుకున్నాను. వాడి చెయ్యి పట్టుకున్నాను, వాడు వదిలించుకోలేదు. ఎదుటి గోడ గడియారంలో ముల్లు కదలడం మానేసినట్టుంది. అంతకు ముందు నేను చదివిన నవలలన్నిటి అట్టల మీదా ఉత్కంఠ అని వేసుకున్నదంతా ఏమిటో అని ఆ పూట అనిపించింది. వాటిలో మనకి పేజీలు ఎన్ని మిగిలాయో చేతికి తెలుస్తూ ఉంటుంది.

ఆమె కోలుకుంది, గానీ ఒక్కరోజులో కాదు. మొదటి నెల వరసగా పది వాక్యాలు చదివితే మొదటిది పోయేది. కోపం వచ్చి పుస్తకం విసిరేసేది. ఎడమకాలు దారిలో పడటానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఎదురింటామె రోజూ వచ్చి సందు చివరిదాకా నడిపించేది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టినందుకు వదిన ఆమెని ఒకసారి బాగా కోప్పడి, ఆ వెంటనే కాఫీ ఇచ్చింది. నన్ను కూడా వదల్లేదు. నా నోటుబుక్కు ఎవరు తెరవమన్నారు అని అడిగింది. చలికాలంలో ఒక ఆదివారం, ఆ వానాకాలంలో బాగుందన్న నవలల్లో ఒకటి మళ్ళీ చదివి నా ముందు పెట్టింది. ఇరవై పేజీల ఒప్పుకోలు ఏ హంతకుడూ చెప్పడమ్మాయ్, వీడికి వకీలు లేడా, మూడు మార్కులు అంది. నేను వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాను.

ఆ ఏడు వారాలూ ఆమెకి ఏమీ గుర్తులేవు. బస్సూ, అన్నయ్య టీకి దిగడమూ ఏవీ లేవు. అప్పుడప్పుడూ నన్ను అడిగి చెప్పించుకుంటుంది, ఎవరికో జరిగినట్టు వింటుంది. నేను చెబుతాను. మొదట్లో చెప్పడానికి ఒక పూట పట్టేది, ఈ మధ్య కాఫీ చల్లారేలోపే అయిపోతోంది. ఒకప్పుడు గడియారం ముల్లు కదలకుండా కూర్చోబెట్టిన ఆ కాలం, ఎప్పుడు ఇంత చిన్నదైపోయిందో మాత్రం నాకు తెలియలేదు.