బంగారు డబ్బీలో ఇప్పపువ్వు

పేరున్న పాత నగల దుకాణాలు చేయించిన బంగారు డబ్బీలు సేకరిస్తుంటాను. లోపలి మెరుపు తగ్గుతుందని వాటిలో దూది కూడా పెట్టను. ఎన్నాళ్లుగానో అడుగుతున్న పొడుం డబ్బీ ఒకటి అశ్వారావుపేటలో దొరికితే, తీసుకుని భద్రాచలం బస్సెక్కాను.

ఆగలేక సీట్లోనే తీసి చూసుకుంటుంటే పక్కనున్న పెద్దావిడ చెయ్యి చాపింది.

"ఏంది సారూ అది? చూడనియ్యుండ్రి."

ఇచ్చాను. మూత తీసింది.

"అయ్యో, ఇందుల ఏం లేదు గదా!"

"ఏమీ పెట్టనమ్మా. ఇంట్లో ఇంకా పదకొండున్నాయి, అన్నీ ఖాళీయే."

"పదకొండు ఖాళీ డబ్బాలకు కావలి కాస్తున్నరా!" అని నవ్వి, ఒళ్లోని సంచిలోంచి వేయించిన ఇప్పపువ్వులు నాలుగు తీసి డబ్బీలో వేసింది.

గబుక్కున డబ్బీ కోసం చెయ్యి చాపాను. "వద్దమ్మా, జిగురంటుతుంది!"

"అంటనియ్యుండ్రి. చేతికొచ్చిన డబ్బా ఖాళీగ వాపస్ ఇస్తే నాకు మనసున పట్టది," అంటూ మూత నొక్కి ఇచ్చింది.

ఆవిడ పాల్వంచలో దిగగానే తుడుద్దామని రుమాలు తీశాను. మూత తెరిస్తే తియ్యటి వాసన. రుమాలు జేబులో పెట్టేసి ఒక పువ్వు తిన్నాను.

నా డైరీలో ప్రతి డబ్బీకీ కొలతలు, నగిషీ, చివరగా లోపల ఏముందో రాస్తాను. పదకొండు సార్లు 'ఖాళీ' అనే రాశాను. దీనికి మాత్రం 'ఇప్పపువ్వులు, మూడు' అని రాశాను.